తాళంచెవి కన్నాలు

కుహ్మో దాటాక, ఇసుక తవ్వి వదిలేసిన గొయ్యిలో
మా గురి మైదానం.
శనివారాలు ఎర్రజెండా ఎగరేసేది నేను,
దించేదీ నేనే.

ఆ రోజు హిల్కా తన కాగితం విప్పి చూపించింది.
గుండ్రటి కన్నాలు కావవి.
తూటా పక్కకి తిరిగి, ఒళ్ళంతా ఆనించి
కాగితాన్ని చీల్చుకుని పోయింది.
ఒక చివర గుండ్రం, ఒక చివర సన్నం,
తలుపుకి తాళంచెవి దూర్చే కన్నంలా.
ఆరింటికి నాలుగు అలాంటివే.
మిగతా రెండూ కాగితాన్నే తాకలేదు.

"నా చెయ్యి వణుకుతోందా?" అంది.
యార్మో అప్పటికే సలహా ఇచ్చేశాడు,
మీట మెల్లగా నొక్కమని, ఊపిరి బిగబట్టమని.
అతని దగ్గర అన్ని జబ్బులకీ ఒకటే కషాయం.

చెయ్యి తప్పుచేస్తే తూటా ఎక్కడికో పోతుంది.
పక్కవాటుగా తిరిగి మాత్రం పోదు.
కోతమిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్ళు లేతు తిప్పినవాణ్ణి,
మనిషిని నిందించే ముందు
ఇనుముని ఒక మాట అడుగుతాను.

గొట్టం మూతి చూశాను టార్చి వేసి.
దెబ్బ లేదు, పగులు లేదు.
ఐదు మీటర్లకో కాగితం కట్టాం, వరసగా.
ఐదు దగ్గర గుండ్రం.
పది దగ్గర కోడిగుడ్డు.
పదిహేను దగ్గర చేప.
ఇరవై ఐదు దగ్గర మళ్ళీ అదే, తాళం కన్నం.

గొట్టం లోపల మెలితిరిగిన గాడులుంటాయి,
అవి సీసాన్ని పట్టి తిప్పాలి.
తాడు బిగించి విసిరిన బొంగరం నిలబడుతుంది,
వదులుగా చుట్టింది
రెండు చుట్లకే నేలమీద పొర్లుతుంది.

నా డబ్బాలోంచి, కొట్లో కొన్నవి, ఆరు ఇచ్చాను.
ఆరు కన్నాలూ గుండ్రంగా, చొక్కా బొత్తాల్లా.
సరే, రివాల్వరు నిర్దోషి.

"మరి ఇవెవరు పోశారు?"
"మా తమ్ముడు ఒయివా. పోయిన చలికాలం.
గాలాలకి కట్టే సీసపు గుళ్ళు కరిగించి."

తుపాకీ ఖాళీచేసి, రెండుసార్లు చూసి,
మెత్తటి సీసపుండ ఒకటి గొట్టంలోంచి
కర్రతో మెల్లగా తోశాను.
గాడుల ముద్ర వేసుకుని బయటికొచ్చింది.
మైక్రోమీటరు మధ్య పెడితే
తొమ్మిది పాయింట్ సున్నా తొమ్మిది.
ఒయివా తూటా
తొమ్మిది పాయింట్ సున్నా రెండు.

ఉన్ని టోపీ కిందనుంచి జారిన
హిల్కా నెరిసిన వెంట్రుక ఒకటి అడిగి తీసుకుని
అదీ కొలిచి చూపించాను.
"ఇంతేనా తేడా?"
ఇంతే.

తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.
ఫ్లాస్కు మూతలో కాఫీ చల్లారిపోయింది.

"వాడి దగ్గర రెండు అచ్చులుండేవి,
ఒకటి దీనిది, ఒకటి ఎప్పుడో అమ్మేసిన పిస్టలుది.
అంకెలు చెక్కి ఉంటాయి వాటిమీద, చీమ తలకాయంత.
అంకె చూడకుండా వాడు పొయ్యి వెలిగించడు."

నేను గొట్టంలో పేరుకున్న సీసం గీకుతున్నాను.
రాగి బ్రష్షుకి వెండిపొట్టులా రాలుతోంది.

"డిసెంబరు నుంచి కారు తియ్యడం లేదు.
పెట్రోలు ఖరీదు పెరిగిందట."

ఇంకా మూడొందలున్నాయి డబ్బాలో.
విప్పి మళ్ళీ కరిగించుకోవచ్చు, పాడైందేమీ లేదు, అన్నాను.
ఆమె వినలేదు.
చేతితొడుగు పళ్ళతో లాగి, ఫోన్ తీసింది.

"ఒయివా, బల్లమీద ఇవాళ్టి పేపరుంది కదా,
మొదటి లైను చదువు."

పేపరు గరగర
నాక్కూడా వినిపించింది.
ఆ తర్వాత అతను
సరస్సు మీద మంచు ఎంత మందంగా కట్టిందో
చెప్పడం మొదలుపెట్టాడు.